కోవిడ్ పోయింది కదా, మా అమ్మాయికి ఆ చదువెందుకు?

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య సమాచారానికి గణాంకశాస్త్రం వాడే చదువు, చేసి లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి విడవని లక్షణాలు) మీద పనిచేస్తానంటోందట. మేనల్లుడిలా డేటా సైన్స్‌లో చేరమంటే వినడం లేదట. '2021 మేలో నాకు కోవిడ్ వచ్చి తగ్గాక కూడా ఏడాదిపాటు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, డాక్టరు దగ్గరికేం పోలేదు, అది చూసే దీనికి ఈ పిచ్చి పట్టుకుంది. రెండు కోర్సులూ పోల్చి చెప్పండి' అన్నారు.

పోలుస్తాను గానీ, మీ ఉత్తరం మొత్తంలో అసలు సంగతి ఆ ఆయాసమే కదండీ. నా జబ్బు వల్ల పిల్ల దారి తప్పుతోందేమోనని మీ బెంగ. తల్లికి క్యాన్సరొస్తే క్యాన్సర్ డాక్టరవుతానన్న పిల్లల్ని ఎంతమందిని చూశానో. అందరూ నిలబడరు, నిజమే. కానీ మీ అమ్మాయి పట్టుకున్నది జబ్బుని కాదు, లెక్క వేసే పద్ధతిని.

2021 సెప్టెంబరులో బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం ఏం చేసిందో చూడండి. సర్వే ఒకటే, లెక్క మూడు రకాలు. కోవిడ్ వచ్చిన 12 నుంచి 16 వారాలకి 12 లక్షణాల్లో ఏదో ఒకటి ఉందన్నవాళ్లు 5 శాతం, కోవిడ్ రానివాళ్లలో కూడా 3.4 శాతం. లక్షణాలు 12 వారాలు విడవకుండా ఉన్నవాళ్లనే లెక్కేస్తే 3 శాతం, రానివాళ్లలో 0.5. 'నాకు లాంగ్ కోవిడ్ ఉంది' అని తామే చెప్పుకున్నవాళ్లు 11.7 శాతం. ఇందులో ఏది నిజం అంటే మూడూ నిజమే, అడిగిన ప్రశ్న వేరు. నీరసం, నిద్రలేమి కోవిడ్ రానివాళ్లకీ ఉంటాయి కాబట్టి పక్కన వాళ్లని పెట్టి పోల్చకపోతే ఆ అంకెకి అర్థం లేదు. సర్వే మధ్యలో మానేసినవాళ్లని ఏం చేయాలి, సర్వే ముగిసేసరికి ఇంకా తగ్గనివాళ్లని ఎలా లెక్కించాలి, అదంతా సర్వైవల్ అనాలిసిస్, అంటే ఏదైనా జరగడానికి, ఇక్కడైతే జబ్బు తగ్గడానికి, ఎంతకాలం పడుతుందో లెక్కేసే పద్ధతి. క్యాన్సర్ మందు పరీక్షల్లోనూ అదే వాడతారు. రేపు లాంగ్ కోవిడ్‌కి నిధులు ఆగిపోయినా ఆమె పని ఆగదు.

ఇక డేటా సైన్స్. కోర్సు మంచిది కాదని అనను, కానీ మన దగ్గర సందుకొకటి వెలిసిన చోట్ల నేర్పేది ఏమిటా అని నాకు అనుమానమే. అక్కడ చదివొచ్చిన పిల్లలు మోడల్ నడిపి చూపిస్తారు, 'ఈ డేటాలో ఎవరు లేరు?' అని అడిగితే నోరు తెరుస్తారు. మీ సంగతే తీసుకోండి. ఏడాది ఆయాసపడి డాక్టరు గడప తొక్కలేదు, అంటే ఆసుపత్రి రికార్డుల ప్రకారం మీకు ఏ జబ్బూ లేదు! లక్షల రికార్డులు కంప్యూటర్‌కి తినిపించినా మీరు అందులో ఉండరు. ఆ తేడా మీ అమ్మాయికి ఇంట్లోనే తెలిసింది, మీరేమో దాన్ని పిచ్చి అంటున్నారు. మేనల్లుడి జీతం చూసి కూతురి చదువు నిర్ణయించడం ఏం పద్ధతండీ?

జీతం అంటారా, మొదటి రెండు మూడేళ్లు మేనల్లుడికే ఎక్కువ రావచ్చు. తర్వాత ఎవరి పనితనం వాళ్లది. హైదరాబాద్‌లో మందుల కంపెనీలకి, క్లినికల్ ట్రయల్స్ నడిపే సంస్థలకి బయోస్టాటిస్టిక్స్ వాళ్లు కావాలి, ఖాళీగా కూర్చోదు. వెల్లూరు సీఎంసీలోనో ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లోనో సీటు రాకపోతే మామూలు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి కూడా ఇటు రావచ్చు. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారంతటివారే ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి, ఆ తర్వాతే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టారు.

ఈలోగా గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష 'ఆర్' (R) నేర్చుకోమనండి, ఉచితమే. మీకు ఇప్పటికీ ఆయాసం ఉంటే మాత్రం ఛాతీ డాక్టరుకి చూపించుకోండి, దానికి అమ్మాయి ఎమ్మెస్సీ అయ్యేదాకా ఆగక్కర్లేదు.