పాత శిల్పం ఫొటో చేతికొస్తే

తిరుపతి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మ్యూజియంలోని రాతి విగ్రహాల పాత ఫొటోలకు వివరాలు రాసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను.

దేవుడి పేరు రాసే ముందు ఫొటో తిరగబడి అచ్చయిందేమో తేల్చుకో. పాత కెమెరాల గాజు పలక నెగెటివ్‌ను అటుదిటు పెట్టి ప్రింటు తీస్తే కుడి ఎడమైపోతుంది, మొహం చూస్తే తెలియదు. జంధ్యం చూడు. ఎడమ భుజం మీది నుంచి కుడి నడుము వైపు దిగాలి. విష్ణువైతే పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం ఉండాలి. అంతా తారుమారుగా కనిపిస్తే అనుమానించు. వినాయకుడి తొండాన్ని నమ్మకు, ఎటైనా తిరుగుతుంది. ద్వారపాలకులు అద్దంలో బొమ్మల్లా జంటగా ఉంటారు కాబట్టి వాళ్ల భంగిమా సాక్ష్యం కాదు. మన గుడిమల్లం శివుడికైతే జంధ్యమే లేదు. అక్కడ కుడిచేతిలో పొట్టేలు, ఎడమచేతిలో చిన్న కుండ చూసి చెప్పాలి.

నెగెటివే దొరికితే ఇంకా సులువు. నిగనిగలాడే వైపు నీకేసి, మందు పూసిన మసక వైపు అవతలికి ఉండాలి. అప్పుడే బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. గాజు పలకను అంచులతోనే పట్టుకో. నూలు గ్లౌజులు జారతాయి, సన్నటి రబ్బరులాంటి నైట్రైల్‌వి వేసుకో. పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చకు, పొడుగు అంచు మీద నిలబెట్టు.

ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచు. నలుపు తెలుపు చేస్తే మరకేదో, వెలిసిపోయినదేదో తెలియదు. అంచులు కత్తిరించకు. నంబరు, కొలబద్ద చాలాసార్లు అక్కడే ఉంటాయి. రబ్బరు బ్యాండు అసలు వేయొద్దు నాయనా, అందులోని గంధకం ఫొటోలోని వెండిని పాడుచేస్తుంది. వివరాలు ముందు కవరు మీద పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాతే ఫొటో లోపల పెట్టు. లోపల ఉండగా రాస్తే బొమ్మ మీద గాట్లు పడతాయి.

వివరంలో "కుడి" అంటే విగ్రహం కుడి, నీ కుడి కాదు. శంఖచక్రాలు కనబడగానే "వేంకటేశ్వరుడు" అని రాసేయడం మన ఊళ్లో అందరూ చేసే పొరపాటు. ఏ రూపమో తేల్చేవి కింది చేతులు. అవి విరిగిపోయుంటే "విష్ణువు, నిలుచున్న భంగిమ" అని ఆపేయ్.

చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి వెళ్లి ఒక విగ్రహం ముందు నిలబడి ఇదంతా సాధన చెయ్యి. విరిగిన వేలు, పగిలిన ముక్కు, పీఠం మీది బీట ఏ వైపున ఉన్నాయో కాగితం మీద గుర్తించుకో. ఫొటోలోని విగ్రహం ఏదో పోల్చడానికి పనికొచ్చేవి ఆ దెబ్బలే.

ఇట్లు,
పెదనాన్న