కట్నం తీసుకున్న ఆడపడుచుకు వాటా ఉండదా?

ప్రశ్న: మాది గుంటూరు. రెండేళ్ల క్రితం నాన్నగారు వీలునామా రాయకుండా కాలం చేశారు. ఇప్పుడు పొలం విషయంలో అన్నయ్య నన్ను హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టమంటున్నాడు. పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలదా అంటున్నాడు. 1961 నుంచి చట్టం ఉన్నా కట్నాలు ఆగలేదు కదా, చట్టాన్ని నమ్ముకుని పుట్టింటి రాకపోకలు ఎందుకు పోగొట్టుకుంటావని అమ్మ బాధపడుతోంది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా ఆ సంతకం ఆపండి. ఒకసారి రిజిస్టరైన విడుదల దస్తావేజును రద్దు చేయించుకోవడానికి ఏళ్ల తరబడి సివిల్ కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

పొలం మీ నాన్నగారి స్వార్జితమైతే, వీలునామా లేదు కనుక హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీ అన్నయ్యకు, మీకు సమాన భాగాలు వస్తాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే మీరు పుట్టుకతోనే హక్కుదారు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే కుమార్తెలకు ఈ హక్కు ఉన్నా, అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. ఆ భేదాన్ని 2005 నాటి కేంద్ర సవరణ తొలగించింది, దానిని 2020లో సుప్రీంకోర్టు మరింత స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉంటే మాత్రం దానిని తిరగదోడలేరు. కట్నం పుచ్చుకున్న కుమార్తెకు వాటా పోతుందని ఈ చట్టంలో ఎక్కడా లేదు. పైగా వరకట్న నిషేధ చట్టం ప్రకారం, కట్నం ఎవరి చేతికి వెళ్లినా అది వధువుకే చెందాలి. మీ విషయంలో అది నిజంగా మీకు అందిందా?

ఆ చట్టం కట్నాలను ఆపలేకపోయిందన్న మీ అమ్మగారి మాట కాదనలేనిది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ నేరస్థులే కావడంతో రెండు కుటుంబాలూ నోరు విప్పవు. వారసత్వ చట్టం సంగతి వేరు. అది ఎవరినీ శిక్షించదు, ఆడపిల్ల చేతికి హక్కును ఇస్తుంది. అయితే ఆ హక్కును ఆమే అడగాలి. 1856లోనే వితంతు వివాహాన్ని చట్టం అంగీకరించినా, రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు వచ్చింది. చట్టానికీ ఆచారానికీ మధ్య ఉన్న ఆ పాతికేళ్లలో ఎందరు ఆడపిల్లల బతుకులు తెల్లారిపోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మీ అమ్మగారికి ఒక విషయం నెమ్మదిగా చెప్పండి: పొలం ఏ రకమైనదైనా అందులో ఆవిడకూ భాగం ఉంది. దస్తావేజులు తీసుకుని ఇద్దరూ కలిసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాది సాయం అందుతుంది. దావా వేయకముందే మీ అన్నయ్యను పిలిపించి రాజీ కుదిర్చే వీలు కూడా ఉంది.