రైల్స్ యాప్‌లో ఏఐ చాట్ పెట్టడానికి రూబీఎల్ఎల్ఎమ్ (రకరకాల కంపెనీల ఏఐ మోడళ్లతో మాట్లాడే రూబీ లైబ్రరీ) వాడాలా, ఓపెన్ఏఐ జెమ్ (ఆ ఒక్క కంపెనీ కోసం ఉన్న రూబీ లైబ్రరీ) ఒక్కటే సరిపోతుందా?

ఒకే కంపెనీ మోడల్, ఒక ప్రశ్న ఒక జవాబు, అంతటితో మీ పనైపోతే ఆ జెమ్ చాలు. సంభాషణ డేటాబేస్‌లో ఉండాలి, మన డేటా చూసి జవాబు చెప్పాలి అంటే మాత్రం రూబీఎల్ఎల్ఎమ్ తీసుకోండి.

మాది మిర్యాలగూడ. ఇక్కడ ఒక రైస్ మిల్లుకు రైల్స్‌లో లెక్కల యాప్ చేసిచ్చాను. "నా వడ్లు ఎన్ని క్వింటాళ్లు తూగినయి, పైసలు ఎప్పుడు పడ్తయి?" అని రైతులు ఫోన్ చేస్తూనే ఉంటారు. సీజన్‌లో గుమస్తాకు అన్నం తినే తీరిక ఉండదు. ఆ ప్రశ్నలకు తెలుగులో జవాబిచ్చేలా ఆ యాప్‌లో రూబీఎల్ఎల్ఎమ్‌తో చాట్ పెట్టాను.

రూబీఎల్ఎల్ఎమ్‌లో నాకు బాగా నచ్చినవి టూల్స్, అంటే మోడల్ అడిగితే నడిచే మన సొంత కోడ్ ముక్కలు. టూల్ క్లాస్ నుంచి మన క్లాస్ ఒకటి రాసి, అదేం చేస్తుందో వివరణ ఇచ్చి, ఎగ్జిక్యూట్ మెథడ్‌లో మామూలు యాక్టివ్ రికార్డ్ కోడ్ (రైల్స్‌లో డేటాబేస్ చదివే కోడ్) పెడితే చాలు. ఫలానా చీటీ నంబరుతో తూకం టూల్ కావాలని మోడల్ అడుగుతుంది, దాన్ని నడిపేది మన సర్వరే. ఫలితాన్ని లైబ్రరీయే తిరిగి మోడల్‌కు పంపి జవాబు తెస్తుంది. తూకం, తేమ శాతం, తేమకు తగ్గించే కోత, రావాల్సిన డబ్బు, ఇవేవీ మోడల్‌తో లెక్క కట్టించకండి. అది రైతు కష్టార్జితం, రూపాయి తేడా రాకూడదు. రైతు ఎవరనేది కూడా మోడల్‌కు వదలొద్దు. లాగిన్ అయిన రైతుతోనే టూల్ ఆబ్జెక్ట్ తయారుచేసి, చాట్‌కు టూల్ జోడించే విత్ టూల్ మెథడ్‌కు ఇవ్వండి. లేకపోతే పక్కవాళ్ల చీటీ నంబరు కొట్టి వాళ్ల లెక్క చూసేస్తారు.

రైల్స్‌లోని చాట్, మెసేజ్, టూల్ కాల్ మోడళ్లలో యాక్ట్స్ ఆజ్ చాట్ లాంటి ఒక్కో లైను రాస్తే సందేశాలు వాటంతటవే డేటాబేస్‌లో సేవ్ అవుతాయి. ఒకటి గుర్తుంచుకోండి: స్ట్రీమింగ్ (జవాబు ముక్కలుముక్కలుగా తెరపైకి రావడం) కోసం రూబీఎల్ఎల్ఎమ్ జవాబు రాకముందే ఖాళీ అసిస్టెంట్ మెసేజ్ సృష్టించి, వచ్చాక నింపుతుంది. అందుకని మెసేజ్ మోడల్‌లో కంటెంట్ తప్పనిసరి అనే వాలిడేషన్ పెట్టకూడదు. మోడల్‌ను ప్రశ్న అడిగే ఆస్క్ కాల్‌ను కంట్రోలర్‌లో కాకుండా బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లో పెట్టండి, లేకపోతే జవాబు వచ్చేదాకా వెబ్ సర్వర్ ప్యూమా థ్రెడ్ ఇరుక్కుపోతుంది.

మోడల్ మార్చడం ఒక్క లైను పనే. ఓపెన్ఏఐ, క్లాడ్, జెమినై, సొంత మెషీన్‌లో నడిచే ఒల్లామా, అన్నింటికీ అదే కోడ్. కానీ మార్చిన ప్రతిసారీ మన నల్లగొండ మాటలతో పరీక్షించాలి. "తూగినయి", "పడ్తయి" లాంటివి ఒక మోడల్ ఇట్టే పట్టుకుంటుంది, ఇంకొకటి తడబడుతుంది.

ఖర్చు మీద కూడా కన్నేయండి. అదే విషయానికి తెలుగు లిపి ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ లెక్కించే, బిల్లు పడే అక్షర ముక్కలు) తింటుంది, పైగా పాత సంభాషణంతా ప్రతి ప్రశ్నతో మళ్లీ వెళ్తుంది. మెసేజ్ టేబుల్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ టోకెన్ల కాలమ్‌లు ఉంటాయి, రోజువారీ మొత్తం తీసి చూసుకోండి. నేనైతే కొత్త చీటీకి కొత్త చాట్ తెరిపిస్తున్నాను.