రీలు దొరుకుతుంది, కడిగేదెక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఫిల్మ్ కెమెరాల మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా నాయన వాడిన ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా బీరువాలో దొరికింది. రీలు వేసి తీయాలని ఉంది. ఇంకో నాలుగేళ్లకు రీళ్లే ఉండవని స్నేహితులు అంటున్నారు. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నేర్చుకోండి. బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి.

రీలు తయారీ చిన్న కార్ఖానాలో అయ్యే పని కాదు. మీటరుకు పైగా వెడల్పున్న ప్లాస్టిక్ షీటు చీకట్లో పరుగెడుతుంటే, దాని మీద వెండి లవణాలు కలిసిన జెలటిన్ పూస్తారు. కలర్ రీలుకైతే డజనుకు పైగా పొరలు. అన్నీ కలిపినా తలవెంట్రుక మందం ఉండవు. ఊరూరా రీళ్లు అమ్ముడుపోయిన కాలం కోసం కట్టిన యంత్రాలవి. గిరాకీ పదో వంతుకు పడిందని యంత్రాన్ని కూడా పదో వంతు చేసి నడపలేరు. 1960లో ఊటీలో పెట్టిన మన ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో సరుకు అమ్మేది. అది మూతపడింది. 2012 జనవరిలో కోడాక్ దివాలా పిటిషన్ వేసింది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది.

అయితే ఆగినవి కొన్ని మళ్లీ వచ్చాయి. కోడాక్ వారి ఎక్టాక్రోమ్ అనే స్లైడ్ రీలు 2018లో తిరిగి వచ్చింది. ఫ్యూజీ ఆపిన అక్రోస్ అనే బ్లాక్ అండ్ వైట్ రీలు, 2019లో అక్రోస్ 100 టూగా వచ్చింది. ఇంగ్లండులో ఇల్‌ఫోర్డ్ రీళ్లు చేసే హార్మన్ కంపెనీ 2023 చివర్లో ఫీనిక్స్ అనే కలర్ రీలు తెచ్చింది. 2024లో పెంటాక్స్ ఏకంగా కొత్త ఫిల్మ్ కెమెరానే అమ్మకానికి పెట్టింది.

బ్లాక్ అండ్ వైట్‌లో పొరలు తక్కువ. చేసేవాళ్లూ ఒకరిద్దరు కారు: హార్మన్, కోడాక్, చెక్ దేశపు ఫోమా ఉన్నాయి. పైగా ఇంట్లోనే కడుక్కోవచ్చు. కలర్ విషయంలో మా భయం ఫ్యాక్టరీల గురించి కంటే, మన ఊళ్లో కడిగే మెషీన్ గురించే ఎక్కువ. ఆ సంగతి కింది ఉత్తరంలో చూడండి.

రీలు వేసే ముందు కెమెరా వెనక తలుపు తీసి, గాడిలోని నల్ల స్పాంజిని వేలితో తాకండి. జిగటగా అంటుకుంటే అది పాడైనట్టే. అక్కడి నుంచి వెలుతురు దూరి ఫ్రేముల మీద చారలు పడతాయి. దాన్ని గీకేసి కొత్తది అతికించాలి. లెన్సును టార్చి వెలుగులో చూడండి. సాలెపోగుల్లాంటివి కనబడితే ఫంగస్ పట్టిందన్నమాట.

ప్రశ్న: స్టూడియోకిచ్చిన కలర్ రీలు మూడు వారాలకు చేతికొచ్చింది. ఫోటోలు పాలిపోయాయి, నీడల్లో ఆకుపచ్చ జీర ఉంది. తప్పు కెమెరాదా, కడిగినవాళ్లదా?
– బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: ఫోటోను కాదు, నెగటివ్‌ను చూడండి. అంచున రీలు పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి. అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చుపడి, రీలు కడిగినప్పుడు పైకి తేలతాయి కాబట్టి మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. అంచు అక్షరాలు ముదురుగా ఉండి ఫ్రేములు మాత్రమే పలచగా ఉంటే మీరు వెలుతురు తక్కువ ఇచ్చారు. అక్షరాలు కూడా వెలిసిపోయినట్టుంటే కడగడంలో లోపం, లేదా రీలు బాగా పాతది.

కలర్ నెగటివ్ కడిగే పద్ధతి పేరు సి-41. డెవలపర్ (బొమ్మను పైకి తెచ్చే మందు) 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, టైము 3 నిమిషాల 15 సెకన్లు. అర డిగ్రీ తేడా వచ్చినా రంగు తప్పుతుంది. స్టూడియోల్లో రీళ్లు కడిగే మినీల్యాబ్ మెషీన్ పొద్దస్తమానం రీళ్లు మింగుతూ ఉండాలి. రీలు వెళ్లినప్పుడల్లా కాస్త కొత్త మందు పడుతుంది, దాంతో ట్యాంకులోని మందు బలం నిలుస్తుంది. వారానికి నాలుగు రీళ్లే వస్తే కొత్త మందు పడదు, ఉన్నది గాలి తగిలి చచ్చిపోతుంది. ల్యాబువాళ్లు ఎంత మంచివాళ్లయినా, రీళ్లు రాని మెషీన్‌లో రంగు నిలబడదు. వాళ్లను నిందించి లాభం లేదు.

ఇచ్చే ముందు రెండు మాటలు అడగండి. కలర్ రీళ్లు వారంలో ఏ రోజు కడుగుతారు? కంట్రోల్ స్ట్రిప్ (మెషీన్ సరిగ్గా కడుగుతోందో లేదో తేల్చే పరీక్ష ముక్క) వేసి చూస్తారా? సరైన జవాబు రాకపోతే నాలుగైదు రీళ్లు పోగుచేసి, రోజూ కడిగే పెద్ద ఊరి ల్యాబుకు కొరియర్ చేయండి. అంతదాకా తీసిన రీళ్లను మూత గట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద ఒక్క మధ్యాహ్నం వదిలినా రీలు పాడవుతుంది.

ఇంకో జాగ్రత్త. చవగ్గా దొరికే రీళ్లలో సినిమా ఫిల్మును ముక్కలు చేసి చుట్టినవి ఉంటాయి. కొన్ని సినిమా ఫిల్ముల వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. అది మినీల్యాబ్‌లోకి వెళితే ఊడి రోలర్లకు పట్టి, తర్వాత వచ్చే ఇతరుల రీళ్లనూ పాడుచేస్తుంది. మీ దగ్గరున్నది అలాంటిదైతే చెప్పకుండా ఇవ్వొద్దు.

ప్రశ్న: ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ కడుగుదామని డెవలపింగ్ ట్యాంకు కొన్నాను. నీళ్లు 20 డిగ్రీలుండాలని రాసి ఉంది. మే నెలలో మా మిద్దె మీది నీళ్లు కాలిపోతుంటాయి. దారి చెప్పండి సార్.
– ఉపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: 20 కోసం పట్టుబట్టకండి. 24 దగ్గర నిలిపి, టైము తగ్గించండి.

ఇల్‌ఫోర్డ్ వారి హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ రీలును డి-76 అనే డెవలపర్‌లో, సగం మందు సగం నీళ్లు కలిపి కడిగితే 20 డిగ్రీలకు 11 నిమిషాలు. 24కి ఏడున్నర నుంచి ఎనిమిది. నీళ్లు కలపని మందైతే 20కే ఏడున్నర నిమిషాలు. 24కి వచ్చేసరికి అది ఐదు నిమిషాల దాకా పడిపోతుంది. ఐదు లోపలికి దిగితే మందు పోయడానికీ పారబోయడానికీ పట్టే సెకన్ల తేడాకే ఆకాశం మచ్చలు పడుతుంది. అందుకే ఎండాకాలంలో పలచన చేసి వాడడమే మేలు. ఒక 35 ఎం.ఎం. రీలుకు మామూలు ట్యాంకులో 300 మి.లీ. సరిపోతుంది: మందు 150, నీళ్లు 150. ఒకసారి వాడి పారబోయండి.

చల్లబరచడానికి మందులో ఐసు వేయకూడదు, పలచనైపోతుంది. సీసాలను బేసిన్‌లో నిలబెట్టి చుట్టూ చన్నీళ్లు, ఐసు ప్యాకెట్లు ఉంచండి. థర్మామీటరు 24 చూపగానే తీసేయండి. డెవలపర్‌ను 24కి తెచ్చి, మిగతావాటిని 33లో వదిలేయడం అందరూ చేసే పొరపాటు. వేడికి జెలటిన్ ఉబ్బుతుంది, నెగటివ్ మీద ఎండిన చెరువు నేలలాంటి పగుళ్లు వస్తాయి. ఫిక్సరు (ఆపైన వెలుతురు తగిలినా బొమ్మ చెడకుండా నిలిపే మందు), కడిగే నీళ్లు అన్నీ డెవలపర్‌కు రెండు మూడు డిగ్రీల లోపలే ఉండాలి. కడిగే నీళ్లకు మంచినీళ్ల కుండ చక్కగా పనికొస్తుంది. ముందురోజు రాత్రే నింపి, తెల్లవారుజామున పని పెట్టుకోండి.

రీలు ఎక్కించేటప్పుడు ఛేంజింగ్ బ్యాగు (వెలుతురు దూరని సంచి)లో చేతులకు చెమట పడుతుంది. తడి తగిలితే, ట్యాంకులో రీలును చుట్టి ఉంచే ప్లాస్టిక్ స్పైరల్‌లో రీలు ఇరుక్కుంటుంది. బలవంతంగా తోస్తే మడత పడి నెలవంకలాంటి మరకలు వస్తాయి. స్పైరల్ పూర్తిగా ఆరి ఉండాలి. రీలు కొసను సమంగా కత్తిరించి, రెండు మూలలూ కాస్త గుండ్రం చేస్తే సులువుగా జారుతుంది.

డెవలపర్ పోశాక మొదటి పది సెకన్లు, ఆపైన ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు ట్యాంకును తలకిందులు చేస్తూ ఉండండి. ప్రతిసారీ బల్ల మీద ఒకసారి తట్టండి, బుడగలు ఊడిపోతాయి. తర్వాత నీళ్లతో రెండుసార్లు తొలిచి, ర్యాపిడ్ ఫిక్సరు ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి ఐదు నిమిషాలు. ఫిక్సరు పాతదైతే, కత్తిరించిన రీలు ముక్కను అందులో వేసి ఎన్ని సెకన్లకు తేటపడుతుందో చూడండి. దానికి రెట్టింపు టైము ఇవ్వాలి. ఫిక్సరు పోయేలా నీళ్లతో కడగడం చాలా తేలిక: నీళ్లు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్ల చుక్కలు మిగులుతాయి. ఆఖరి తొలుపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో, వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు) చుక్క వేసి చేయండి.

బయటికి తీశాక ఫ్రేములు లేకుండా తేటగా ఉండి, అంచు నంబర్లు కనబడితే కెమెరాలో రీలు తిరగలేదు. నంబర్లు కూడా లేకపోతే డెవలపర్ చచ్చింది, లేదా ముందు ఫిక్సరు పోశారు. పాలలా మసగ్గా ఉంటే ఫిక్సరు చాలలేదు. ఇది బాగయ్యేదే, మళ్లీ ఫిక్సరులో వేయండి.

ప్రశ్న: కొండకు వెళ్లేటప్పుడు అలిపిరి దగ్గర బ్యాగు స్కానింగ్‌లో పెడతారు. కెమెరాలో రీలు ఉంటే పోతుందా?
– గృహిణి, పుత్తూరు

జవాబు: మామూలు ఎక్స్‌రే మెషీన్‌లో ఐఎస్ఓ (రీలు వెలుతురును పట్టే వేగం, డబ్బా మీద ఉంటుంది) 400 దాకా రీళ్లకు ఒకటి రెండుసార్లతో కనబడే నష్టం ఉండదు. 800, ఆపైవాటిని విడిగా కవర్లో పెట్టి చేత్తో చూడమని అడగండి. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు మాత్రం చెకిన్ లగేజీలో ఏ రీలూ పెట్టొద్దు. అక్కడి ఎక్స్‌రే బలం ఎక్కువ.

ప్రశ్న: మాది మూడు తరాల స్టూడియో. పెళ్లిళ్ల నెగటివ్‌లు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. ఒక పెట్టె తెరిస్తే వెనిగర్ వాసన. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలా?
– స్టూడియో యజమాని, పలమనేరు

జవాబు: ఆ వాసన వస్తోందంటే నెగటివ్ అడుగున ఉండే అసిటేట్ ప్లాస్టిక్ బేస్ విరుగుతోంది. ఆగదు, నెమ్మది మాత్రం చేయొచ్చు. వాసన వచ్చే కవర్లను ఈరోజే వేరే గదిలోకి మార్చండి. ఆ ఆవిరి తగిలితే పక్క నెగటివ్‌లూ చెడతాయి. స్కానింగ్ కూడా వాటితోనే మొదలుపెట్టండి. అవి కుంచించుకుపోయి అలలు తేలాక స్కానుకు లొంగవు. మిగతావి మిద్దె గదిలో ఉంటే కింద లోపలి గదికి దించండి. పీవీసీ కవర్లు తీసేసి పాలీప్రొపిలీన్ లేదా యాసిడ్ లేని కాగితం కవర్లు వాడండి. కార్తీకం వానలు దాటేదాకా సిలికాజెల్ మారుస్తూ ఉండండి. ఫంగస్ పట్టినదాన్ని నీళ్లతో తుడవకండి. ఫంగస్ తిన్న జెలటిన్ నీళ్లు తగిలితే కరిగి, బొమ్మతో సహా ఊడొస్తుంది.

మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉంటుంది కాబట్టి స్కానర్ కొనక్కర్లేదు. 1:1 మాక్రో లెన్సు (చిన్న వస్తువును అసలు సైజులో తీసేది), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే కొలత) 95 దాటిన ఎల్ఈడీ ప్యానెల్, కాపీ స్టాండు చాలు. 24 మెగాపిక్సెల్ కెమెరాతో 35 ఎం.ఎం. నెగటివ్‌కు అంగుళానికి 4,200 చుక్కల దాకా వస్తాయి. నెగటివ్ పెట్టే చోట చిన్న అద్దం ఉంచి చూడండి. అద్దంలో లెన్సు ప్రతిబింబం ఫ్రేము నడిమధ్యకు వస్తే కెమెరా సమంగా ఉన్నట్టు. గదిలో లైట్లార్పి, ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రా ఫైలు, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. మెరుపు లేని వైపు కెమెరాకేసి ఉంచి, తర్వాత కంప్యూటర్లో అద్దంలోలా తిప్పండి. కలర్ నెగటివ్‌ల ఫ్రేము పక్కనున్న నారింజ రంగు అంచు కూడా పడేలా తీస్తే, దాని మీద వైట్ బ్యాలెన్స్ చేసి రంగులు తిప్పుకోవచ్చు.

ప్రతి కవరు మీద పెళ్లి తేదీ, ఊరు పెన్సిల్‌తో రాసి, ఫైలుకూ అదే పేరు పెట్టండి. పెన్ను సిరా తేమకు నెగటివ్ మీదికి దిగుతుంది.