స్పీడులో స్టీరింగ్ బరువెక్కాలి, చిట్టితల్లీ

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. కొత్త కారులో అమ్మని కూర్చోబెట్టుకుని, హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా నువ్వే నడుపుకుంటూ వెళ్తున్నావట. ఆటోనగర్‌లో ఇన్నేళ్ళు బండ్ల కింద పడుకుని పనిచేసినవాణ్ణి, నా తమ్ముడి కూతురు ఘాట్ రోడ్డెక్కుతోందంటే ఎంత గర్వంగా ఉంటుందో వేరే చెప్పాలా! కానీ ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ బిగుసుకుంటోందని నువ్వు కంగారుపడ్డావట. ఎవరో మెకానిక్ "తేలిక చేసిపెడతా" అంటే బయల్దేరేలోపు బండి అతనికి ఇస్తానన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మెకానిక్‌కి వద్దని చెప్పు. స్పీడు పెరిగితే స్టీరింగ్ బరువెక్కాలి. దాన్ని అలాగే తయారుచేశారు.

నీకు సైకిల్ నేర్పిన రోజులు గుర్తున్నాయా? మొదట్లో సీటు గట్టిగా పట్టుకునేవాణ్ణి. నువ్వు వేగం అందుకునేకొద్దీ పట్టు వదులు చేసేవాణ్ణి. నీ కారులో స్టీరింగ్ తిప్పడానికి సాయం చేసే కరెంటు మోటారూ అదే పని చేస్తుంది. పార్కింగ్‌లో బండి నిలబడి ఉన్నప్పుడు టైరు ఒకేచోట నేలని రాసుకుంటూ తిరగాలి కాబట్టి బలం ఎక్కువ కావాలి. స్టీరింగ్ రాడ్ మధ్యలో సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది, టార్షన్ బార్ అంటారు. నువ్వు స్టీరింగ్ తిప్పగానే అది కొద్దిగా మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగిందో సెన్సర్ చూస్తుంది, చక్రాల దగ్గర నుంచి బండి స్పీడు ఎంతో ఇంకో కబురు వస్తుంది. ఈ రెండూ చూసుకుని, మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటర్ లెక్క వేస్తుంది. స్పీడు తక్కువైతే సాయం ఎక్కువ, స్పీడు ఎక్కువైతే సాయం తక్కువ.

ఎందుకలా అంటావా? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. అప్పుడు కూడా స్టీరింగ్ పార్కింగ్‌లో ఉన్నంత తేలికగా ఉంటే, నువ్వు తుమ్మినా బండి పక్క లైనులోకి వెళ్తుంది. చక్రాలు తమంతట తాము తిన్నగా రావాలని లాగే లాగుడు కూడా నీ అరచేతికి తెలియాలి. రోడ్డు మీద పట్టు ఎంత ఉందో చెప్పేది అదే. దాన్ని తేలిక చేయించుకుంటే కళ్ళు మూసుకుని నడిపినట్టే.

ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్‌కి సాయం చేసే పాత హైడ్రాలిక్ బండ్లలో దీనికి పెద్ద తంటా ఉండేది. 1951లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్‌తో పవర్ స్టీరింగ్ జనానికి అమ్మకానికి వచ్చింది. వాటిలో ఆయిల్ పంపుని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. పార్కింగ్‌లో సాయం బాగా కావాల్సినప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, హైవే మీద అక్కర్లేనప్పుడు పంపు జోరుగా తిరుగుతుంది. అవసరం ఒకటి, అందేది ఇంకొకటి. ఎక్కువైన ఆయిల్‌ని వాల్వులతో వెనక్కి మళ్ళించి నెట్టుకొచ్చేవాళ్ళు. ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్ళు 1970లో ఎస్ఎమ్ కారులో, స్పీడు పెరిగేకొద్దీ స్టీరింగ్‌ని నడిమికి లాగే బలం పెరిగే ఏర్పాటు పెట్టారు. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోకి పంపు తీసేసి కరెంటు మోటారు పెట్టారు. ఇప్పుడు మన చిన్న కార్లలో చాలావాటిలో ఉన్నది ఆ దారిలో వచ్చిందే.

టైర్లలో గాలి, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పట్టించు. గాలి తగ్గినా స్టీరింగ్ బరువవుతుంది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో, అదే అలైన్‌మెంట్, చూపించు. స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి అలాగే బిగించి పట్టుకోకు, మోటారు వేడెక్కుతుంది. మీటర్ల దగ్గర స్టీరింగ్ బొమ్మ లైటు వెలిగితే మోటారు సాయం పోయినట్టు. కంగారు పడకు, స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప బంధం ఉంటుంది. రెండు చేతులతో గట్టిగా తిప్పితే బండి తిరుగుతుంది. మెల్లగా పక్కకి తీసి ఆపు.

ఇక అసలు విషయం. ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

నీ పుట్టువెంట్రుకలకి అందరం శ్రీశైలమే వెళ్ళాం. మీ నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి ముందు, నేను నడిపే జీపు వెనక. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతున్నాం. ఒకచోట ముందు బండి సైలెన్సర్‌లోంచి పొగ ఆగిపోయింది. నా గుండె ఝల్లుమంది. దిగుడే కదా, డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేశాడు. ఆ రోజుల్లో చాలామందికి అదో అలవాటు. హారన్ కొట్టాను, వినపడలేదో, దారి అడుగుతున్నాననుకున్నాడో.

ఆ బండిదీ ఆయిల్ పంపు స్టీరింగే. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. పంపు ఆగితే స్టీరింగ్ రాయి. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ కూడా ఒకటి రెండు సార్లు తొక్కేసరికి అయిపోతుంది. మలుపు దగ్గర బ్రేక్ లైట్లు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. ఆ తర్వాత వెలిగే ఉన్నాయి, బండి మాత్రం ఆగట్లేదు. ఆ బండి వెనక అద్దంలోంచి చూస్తే మీ నాన్న సీటులోంచి లేచి, రెండు చేతులతో స్టీరింగ్‌ని ఒక పక్కకి వేలాడినట్టు లాగుతున్నాడు. పూర్తిగా తిరగలేదు. దేవుడి దయవల్ల అది కొండవైపు మలుపు. బండి కాలువలో పడి రాతికి గుద్దుకుని ఆగింది. అవతలి వైపైతే లోయ.

పరిగెత్తుకెళ్ళి డోరు తీసేసరికి మీ అమ్మ నిన్ను రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. తన మోచెయ్యి డాష్‌బోర్డుకి కొట్టుకుని రక్తం కారుతోంది, తనకి తెలియనే లేదు. నువ్వు నిద్రలోంచి కూడా లేవలేదు. ఇప్పటికీ ఆ మలుపులు రాగానే మీ అమ్మ కళ్ళు మూసుకుంటుంది, ఎప్పుడైనా గమనించావా? ఆమె భయం చూసి విసుక్కోకు తల్లీ.

నీది మోటారు స్టీరింగే కావచ్చు. అయినా ఇంజన్ ఆపితే మోటారు సాయం పోవచ్చు, బ్రేకు బలం తగ్గుతుంది, తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ లాకే పడొచ్చు. దిగుడులో ఇంజన్ ఆపకు, న్యూట్రల్ చెయ్యకు. సెకండ్ గేర్‌లో దిగు. వెనక బస్సువాడు ఎంత హారన్ కొట్టినా కొట్టనీ, చోటు దొరికినప్పుడు దారి ఇవ్వు.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు. అందుకని తెల్లారాకే అక్కడికి చేరేట్టు బయల్దేరు. అమ్మకి ఆకలి ఆగదు, ఇడ్లీ కట్టించుకో. మన్ననూరులో ఆగినప్పుడు నాకు ఫోన్ చెయ్యి, అడవిలోకి వెళ్ళాక సిగ్నల్ సరిగ్గా ఉండదు.

నీ పెదనాన్న