రెండు చుట్ల టేపు

చిట్టితల్లీ,

పాత 420 రకం తెరచాప పడవ ఒకటి కొన్నావట. ఆదివారం రేసుకి దాని మాస్ట్, అదే తెరచాప స్తంభం, నువ్వే నిలబెట్టి ట్యూన్ చేసుకుంటావట. మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. దాని గొంతులో కోపం లేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది. గర్వంగానూ ఉందిలే. నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

మాస్ట్ ఎత్తే ముందు తలెత్తి చూడు, పైన కరెంటు తీగలున్నాయేమో. అల్యూమినియం మాస్ట్ తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా ప్రమాదమే. పడవను ట్రాలీ మీద తోసుకెళ్లేటప్పుడు కూడా చూసుకో.

మిగతావి నీకు తెలిసినవే. పడవను ఒరగకుండా నిలబెట్టు. పెద్ద తెరచాపను పైకి లాగే తాడుకి, అదే మెయిన్ హాల్యార్డ్‌కి, కొలత టేపు కట్టి పైదాకా లాగి, మాస్ట్‌ని రెండు పక్కలా పట్టి ఉంచే వైర్లున్నాయే, ఆ ష్రౌడ్ల అడుగు దాకా కొలువు. రెండూ ఒకటే రావాలి. అదే టేపుతో పడవ వెనక అంచు దాకా కొలిస్తే మాస్ట్ ఎంత వెనక్కి వాలిందో తెలుస్తుంది. ఎంత వాలాలో తెరచాప కుట్టినవాళ్ల పట్టికలో ఉంటుంది. ముందు దాన్ని పాటించు, సొంత తెలివి తర్వాత. గేజ్‌తో ష్రౌడ్ల టెన్షన్ చూసేది ముందుండే చిన్న తెరచాప, జిబ్, దాని హాల్యార్డ్ బిగించాకే. బరువు మోసేది జిబ్ ముందంచులోని వైరు కాబట్టి, మాస్ట్‌ని ముందువైపు పట్టే వైరు, ఫోర్‌స్టే, వదులైందని కంగారుపడకు.

నీళ్లలో గాలికెదురుగా పోతున్నప్పుడు, గాలికి అవతలి పక్క ష్రౌడ్‌ని వేలితో నొక్కి చూడు. మధ్యరకం గాలిలో అది అప్పుడే వదులవుతున్నట్టుండాలి. ఊయల తాడులా ఊగుతుంటే టెన్షన్ చాలలేదన్నమాట.

ఆ వదులు ష్రౌడే నన్ను ముంచింది.

అప్పుడు మీ అమ్మకి 19 ఏళ్లు, నాకు 23. నేను చుక్కాని దగ్గర, అది ట్రపీజ్ మీద, అంటే మాస్ట్ నుంచి వేలాడే వైరుకి నడుము తగిలించుకుని పడవ బయటికి వాలి. ఆ పొద్దున ఎడమ ష్రౌడ్ అడుగున, దాన్ని పడవకి పట్టే పిన్ను జారకుండా ఉంచే రింగు సాగి నోరు తెరుచుకుని ఉంది. గోరంత రింగు. చూశాను. ఈ ఒక్క రోజుకి ఏం కాదులే అనుకున్నాను. ష్రౌడ్లను మాస్ట్ నుంచి ఎడంగా ఉంచే కడ్డీలు, ఆ స్ప్రెడర్ల కోణం సరిచూసుకుంటూ గంటసేపు కూర్చున్నవాణ్ణి, రింగు మార్చడానికి రెండు నిమిషాలు పెట్టలేకపోయాను. రింగు మీద అంటించే టేపూ చుట్టలేదు, చూడ్డానికి బాగోదని!

రేసులో ముందున్నాం. ఎప్పుడో జిబ్ తాడు తగులుకుని ఆ రింగును ఊడబెరికి ఉంటుంది. రింగు పోయినా, ష్రౌడ్ మీద బరువున్నంతసేపూ పిన్ను కదలదు, బిగుతే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ ష్రౌడ్ గాలికి అవతలి పక్కకి వెళ్లి వదులైందా, ఒక్కో అలకీ కాస్త కాస్త జారి, చప్పుడు లేకుండా ఊడిపోతుంది. అప్పటికీ పడవ బాగానే పోతూ ఉంటుంది.

నేను టాక్ చేశాను, అంటే గాలి రెండో పక్కనుంచి తగిలేలా పడవను తిప్పాను. ఇక బరువు మోయాల్సింది ఆ ఊడిన ష్రౌడే. మీ అమ్మ హుక్కు తగిలించుకుని బయటికి వాలింది. అంతే, మాస్ట్ మొత్తం అవతలికి ఒరిగిపోయింది. పోతూ పోతూ ట్రపీజ్ వైరుతో దాన్ని లాగి పడవ అంచుకేసి కొట్టింది. నీళ్ల మీద తెరచాప పరుచుకుని ఉంది, మీ అమ్మ కనబడలేదు. చేతులతో తెరచాప ఎత్తుకుంటూ వెతికాను. ఎంతసేపో కాదులే. తేలేసరికి కనుబొమ చీలి ముఖమంతా రక్తం. ఊపిరి అందగానే అడిగిన మాట, "అన్నయ్యా, మన వెనక ఎవరున్నారు?"

మెట్ల మీద పడ్డానని నీకు చెబుతుందే, ఆ గాటు ఇదే. నాకు తిట్లు తప్పించడానికి ఇంట్లోనూ ఆ మెట్ల కథే చెప్పింది. రింగును నేను పొద్దున్నే చూశానని దానికి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

అందుకని, పడవ కొన్న రోజు ఉన్న రింగులన్నీ తీసి పారేయ్. కొత్తవి పెట్టి, ఒక్కోదానికీ రెండు చుట్లు టేపు వేయి. పాత గుడ్డతో వైర్లన్నీ పైనుంచి కిందికి తుడువు, ఒట్టి చేత్తో కాదు. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ పోగు తెగినట్టు. అలాంటి వైరును మార్చాల్సిందే, ఇంకో రేసు చూద్దామనకు.

ఇంకోటి. నీకు చిన్నప్పటినుంచీ నాలుగు పనులు ఒకేసారి చేసే జబ్బు. మాస్ట్ వాలు, స్ప్రెడర్లు, టెన్షన్ ఒకే రోజు మార్చావంటే ఏది పనిచేసిందో నీకే తెలియదు. ఒక్కటి మార్చు, కొలత పుస్తకంలో రాసుకో, అప్పుడు నీళ్లలోకి దిగు. గాలి పెరిగాక పడవను అదుపులో పెట్టలేకపోతుంటే మాస్ట్‌ని కాస్త వెనక్కి వాల్చు, అంతకంటే పెద్ద ప్రయోగాలు మొదటి రేసుకి వద్దు. ఓడిపోతావేమోనని నాకు బెంగ లేదు.

ఆదివారం మీ అమ్మను నేనే తీసుకొస్తున్నాను. రింగు సంగతి దారిలో దానికి చెప్పాలి. నీ పడవను ముట్టుకోనులే. టేపు మాత్రం నా జేబులో ఉంటుంది.

మామయ్య