పిల్లాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉందన్నారు, పెద్దయ్యాక పోతుందా?

పోతుందో లేదో నన్ను చూసి చెప్పండి. నాకు 41 ఏళ్లు.

రెండేళ్ల క్రితం మావాడిని చూసి డాక్టరుగారు ప్రశ్నల కాగితాలిచ్చారు, మాకొకటి, టీచరుకొకటి. లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే లెక్కట. నింపుదామని పెన్ను కోసం సొరుగు లాగాను. పిడి ఊడి చేతికొచ్చింది. బిగిద్దామని స్క్రూడ్రైవర్ వెతికితే పాత రేడియో పక్కన దొరికింది. ఇది ఎందుకు పాడైందో చూద్దామని దాన్ని విప్పాను. ఫోన్ మోగేసరికి నేల మీద, మరల మధ్య కూర్చుని ఉన్నాను. బడి నుంచి. పిల్లాడు గేటు దగ్గర 50 నిమిషాలుగా ఉన్నాడట. పరుగెత్తుకెళ్తే, గోడవార చీమల బారు చూస్తూ, "అప్పుడే వచ్చేశావేంటి నాన్నా?" అన్నాడు.

కాగితం మర్నాడు మా ఆవిడ నింపింది. 'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాడా?' దగ్గర ఆగి, "ఇది ఎవరి గురించి రాయమంటారు?" అంది.

తర్వాత నేనూ చూపించుకున్నాను. ధ్యాసకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో పిల్లలకైతే ఆరుండాలి, 17 నిండితే ఐదు చాలు. కాకపోతే 12 ఏళ్లలోపే కొన్ని కనిపించి ఉండాలి. అమ్మ దాచిన ప్రోగ్రెస్ కార్డులు తీశాం. 'తెలివైనవాడే, ధ్యాస లేదు.' ఏటా అదే మాట, చేతిరాత ఒక్కటే వేరు.

కొందరికి వయసుతో బాగానే తగ్గుతుంది. నాకు తగ్గింది గంతులే. కాళ్లలో గోల తలలోకి ఎక్కింది, బయటికి కనపడదు.

అసలు ఆ పేరే తప్పంటాను. 1980లో ఏడీడీ, అంటే 'ధ్యాస లోటు రుగ్మత' అన్నారు, 1987లో అతి చురుకుదనాన్నీ పేరులో చేర్చి ఏడీహెచ్‌డీ చేశారు, 'లోటు' అన్న మాట మాత్రం వదల్లేదు. రేడియో ముందు నాకు ధ్యాస లోటా? పగ్గం చేతిలో ఉండదు, అంతే. "ఇష్టమైనదైతే గంటలు కూర్చుంటాడుగా, ఇదంతా బద్ధకం" అనేవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు. ఇక డైరీ రాసుకోమనేవాళ్లు. నా దగ్గర ఏడు డైరీలున్నాయి, అన్నిట్లోనూ జనవరి మొదటి వారమే నిండింది.

మీరు బాబు గురించి అడిగారు. నేనడిగేది, మీ ఇద్దరిలో ఎవరి పోలిక? వంశంలో గట్టిగా దిగే గుణం ఇది. ముందు మీ ఇద్దరి పాత ప్రోగ్రెస్ కార్డులు బయటికి తీయండి.